పక్క ఫ్లాస్కులో ఏం పోశావు?

మా మావయ్య ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి ఉద్యోగ విరమణ చేశారు. ఇప్పుడు ఆయన వయసు 71. రెండేళ్లుగా రోజూ పొద్దున్నే ఒక క్యాప్సూల్ వేసుకుంటున్నారు. ముసలితనాన్ని కణాల స్థాయిలోనే వెనక్కి మళ్లిస్తుందని దాని డబ్బా మీద అచ్చు వేసి ఉంది. పోయిన నెలలో ఫోను చేసినప్పుడు, "ఇది మొదలుపెట్టాక ఒక్కసారి కూడా జలుబు చేయలేదమ్మా. నిద్ర బాగా పడుతోంది, మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. నువ్వు ల్యాబులో పనిచేసినదానివి కదా, ఇది పనిచేస్తున్నట్టేనా?" అని అడిగారు. డాక్టరుకు చూపించకుండా ఇలాంటివి వాడకూడదని ఒక మాట అని ఊరుకోవచ్చు. ఆ మాట అన్నాను కూడా. కానీ ఆయన అడిగింది అది కాదు. పనిచేస్తున్నదీ లేనిదీ ఎలా తెలుస్తుందని అడిగారు. ఫోనులో సరిగా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

చదువు పూర్తయిన కొత్తలో నేను ఒక సెల్ కల్చర్ ల్యాబులో నాలుగేళ్లు పనిచేశాను. మనిషి చర్మం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్ట్ కణాలను అక్కడ చదునైన ప్లాస్టిక్ ఫ్లాస్కులలో పెంచేవాళ్లం. కణాలు ఫ్లాస్కు అడుగున అంటుకొని ఉంటాయి. వాటిమీద మీడియం అనే గులాబీ రంగు ద్రవం ఉంటుంది. గ్లూకోజు, లవణాలు, అమైనో ఆమ్లాలు, విటమిన్లు, వాటికి తోడు పదోవంతు దూడ సీరం కలిపిన ఆహారం అది. ఆ గులాబీ రంగు ఫీనాల్ రెడ్ అనే సూచికది. కణాలు తిని ఆమ్లం వదిలేకొద్దీ ద్రవం నారింజ రంగుకు, ఆ తరువాత పసుపుకు తిరుగుతుంది. పొద్దున్నే 37 డిగ్రీల ఇంక్యుబేటర్ తలుపు తీయగానే, ఏ ఫ్లాస్కులో కణాలు ఆకలితో ఉన్నాయో రంగును బట్టే చెప్పేవాళ్లం. కణాలు అడుగంతా పరుచుకుని ఖాళీ లేకుండా పోయాక, ట్రిప్సిన్ అనే ఎంజైము పోసి వాటిని ఊడదీసి, సగం ఒక కొత్త ఫ్లాస్కులో, సగం మరో కొత్త ఫ్లాస్కులో వేస్తాం. దీన్నే స్ప్లిట్ చేయడం అంటారు. అలా ఎన్నిసార్లు చేశామో ఆ సంఖ్యను, అంటే పాసేజ్ నంబరును, ఫ్లాస్కు మీద పెన్నుతో రాసిపెడతాం. కణాలకు వయసు చెప్పేది ఆ అంకే.

ఒక మొక్క నుంచి తీసిన సారం ముసలి కణాలకు ఆయుష్షు పోస్తుందేమో చూడమని మొదటిసారిగా నాకు సొంతంగా ఒక పని అప్పగించారు. పాసేజ్ నంబరు బాగా ముదిరిన కణాలను రెండు ఫ్లాస్కులలో సమానంగా వేశాను. సారాన్ని రెండు మిల్లీలీటర్ల తాజా మీడియంలో కలిపి, రోజు విడిచి రోజు ఒక ఫ్లాస్కులో పోశాను. రెండోదాన్ని ముట్టుకోలేదు, మిగతా ఫ్లాస్కులన్నిటికీ మార్చినట్టే వారానికొకసారి దానికీ మీడియం మార్చాను, అంతే. రెండు వారాలు గడిచాక కణాలను ఊడదీసి, ట్రిపాన్ బ్లూ కలిపి, గళ్లు చెక్కిన గాజు పలక మీద ఒక చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టాను. చచ్చిన కణాలు నీలం పీల్చుకుంటాయి, బతికున్నవి గుండ్రంగా మెరుస్తూ కనిపిస్తాయి. సారం పోసిన ఫ్లాస్కులో మెరిసే కణాలు పక్కదానికంటే దాదాపు రెట్టింపు ఉన్నాయి. నమ్మలేక రెండోసారి లెక్కపెట్టాను, అదే లెక్క వచ్చింది. ఆ సాయంత్రం నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మరునాడు నోటుపుస్తకం పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన అంకెల పేజీ చూడనైనా లేదు. నాలుగు పేజీలు వెనక్కి తిప్పి, ఏ రోజు ఏ ఫ్లాస్కులో ఏం పోశానో రాసుకున్న వరసలు చదివి, "పక్క ఫ్లాస్కులో ఏం పోశావమ్మా?" అని అడిగారు.

"ఏమీ పోయలేదు సార్."

"అయితే నువ్వు సారాన్ని పరీక్షించలేదు. కడుపు నిండినవాడినీ పస్తున్నవాడినీ తూకం వేశావు."

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి రెండో ఫ్లాస్కులో కూడా అదే రోజున, అంతే తాజా మీడియం, సారం మాత్రం లేకుండా పోశాను. రెండు వారాల తరువాత రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే ఏది ఏదో గుర్తుపట్టడం నా వల్ల కాలేదు. ఆ కణాలకు మేలు చేసింది మొక్క కాదు, దాన్ని కలపడానికి వాడిన తిండి.

ఈ పక్క ఫ్లాస్కును ల్యాబులో కంట్రోల్ అంటారు. పాఠ్యపుస్తకాలు దాన్ని 'నియంత్రణ' అని తర్జుమా చేశాయి గాని, ఆ మాట వింటే ఎవరినో అదుపులో పెడుతున్నట్టు అనిపిస్తుంది తప్ప అది చేసే పని తెలియదు. నన్నడిగితే 'సాక్షి' అనాలంటాను. మనం పరీక్షిస్తున్న ఒక్క వస్తువు తప్ప మిగతా అన్నీ తనకూ జరిగి, చివర్లో నిలబడి 'నాకూ ఇదే జరిగింది' అనో 'నాకు ఇలా జరగలేదు' అనో చెప్పేది అదే. మనిషి ఆయుష్షును పొడిగిస్తామన్న శాస్త్రవేత్తల చరిత్రలో చాలా భాగం, ఈ సాక్షిని పిలవడం మరిచిపోయినవాళ్ల కథ, గుర్తుపెట్టుకుని పిలిచినవాళ్ల కథ.

మరిచిపోయినవాళ్లలో అందరికంటే పెద్ద పేరు అలెక్సిస్ కారెల్‌ది. రక్తనాళాలను కుట్టే పద్ధతికి, అవయవాల మార్పిడిపై చేసిన పనికి 1912లో నోబెల్ బహుమతి అందుకున్న శస్త్రచికిత్సకుడు ఆయన. అదే సంవత్సరం జనవరిలో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో కోడిపిండం గుండె నుంచి ఒక చిన్న ముక్క తీసి గాజు గిన్నెలో పెంచడం మొదలుపెట్టారు. ఆ ముక్క నుంచి పెరిగిన కణాలు నెలల తరబడి, ఆ తరువాత ఏళ్ల తరబడి విభజన చెందుతూనే పోయాయి. పత్రికలు ఏటా దానికి పుట్టినరోజు చేసేవి. కారెల్ 1944లో చనిపోయారు. ఆయన పోయిన తరువాత కూడా రెండేళ్లు ఆ కల్చర్ సాగింది, 1946లో పారబోశారు. కోడి బతికే కాలాన్ని ఎన్నడో దాటిపోయి 34 ఏళ్లు పెరిగిన కణాలను చూశాక, ఎవరైనా ఏమనుకుంటారు? కణాలకు చావు లేదు, సరైన తిండి పెడితే అవి ఎప్పటికీ బతుకుతాయి, ముసలితనం కణాలలో లేదు, శరీరమనే ఏర్పాటులో ఉంది అనుకుంటారు. అర్ధశతాబ్దం పాటు జీవశాస్త్రం అలాగే అనుకుంది.

ఆ తిండి ఏమిటో చూడండి. కోడి ప్లాస్మాతో పాటు కోడిపిండాలను నూరి తీసిన రసాన్ని కారెల్ బృందం ఆ గిన్నెలో క్రమం తప్పకుండా పోసేది. ఆ రోజుల్లో రసం నుంచి కణాలను పూర్తిగా వేరుచేసే పద్ధతి అంత గట్టిది కాదు. తరువాతి కాలంలో ఎక్కువమంది అంగీకరించిన వివరణ ఏమిటంటే, ప్రతిసారీ ఆ రసంతో పాటు కొన్ని బతికున్న కొత్త కణాలు గిన్నెలోకి చేరుతూ వచ్చాయి. పాతవి చచ్చిపోతుంటే కొత్తవి వాటి చోటు తీసుకున్నాయి. 34 ఏళ్లు బతికింది గుండె ముక్క కాదు, ఆ గిన్నె. గుండె ముక్క వేయకుండా ఒట్టి రసం మాత్రమే పోసిన పక్క గిన్నె ఒకటి ఉండి, అందులో కూడా కణాలు మొలిచి ఉంటే, ఈ సంగతి 1912లోనే బయటపడేది. నోబెల్ గ్రహీత చేసిన తప్పుకీ నా రెండు మిల్లీలీటర్ల తప్పుకీ వేలు విడిచిన చుట్టరికం ఉందని తెలిసినప్పుడు నాకు కాస్త ఊరట కలిగిందన్న మాట దాచను.

సాక్షిని పిలిచినవాడు లెనార్డ్ హేఫ్లిక్. ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో, 1950ల చివర్లో, ఆయన మనిషి పిండకణాలను పెంచుతూ ఒక వింత గమనించారు. కొన్ని నెలలు చురుకుగా పెరిగిన కల్చర్లు నెమ్మదించి, ఒక దశలో విభజన పూర్తిగా ఆపేస్తున్నాయి. అవి చచ్చిపోవడం లేదు, తింటూనే ఉన్నాయి, కానీ రెండుగా చీలడం లేదు. అప్పటి నమ్మకం ప్రకారమైతే తప్పు కణాలది కాదు, పెంచేవాడిది. మీడియం బాగా లేకపోవచ్చు, గాజుసామాను సరిగా కడగకపోవచ్చు, ఏదో వైరస్ సోకి ఉండవచ్చు. ఆ అనుమానాలన్నిటికీ ఒకేసారి సమాధానం చెప్పేలా హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ కలిసి వేసిన ఎత్తు నాకు తెలిసిన ప్రయోగాలలోకెల్లా అందమైనది.

అప్పటికే ఎన్నోసార్లు విభజన చెందిన మగ కణాలను, కొద్దిసార్లే విభజన చెందిన ఆడ కణాలను సమానంగా తీసుకుని ఒకే పాత్రలో కలిపారు. మగవేవో ఆడవేవో క్రోమోజోములను చూసి గుర్తుపట్టవచ్చు. ఆ ముసలి మగ కణాలనే కొన్ని విడిగా మరో పాత్రలో ఉంచారు. విడిగా ఉన్నవి విభజన ఆపేసిన రోజున, కలిపిన పాత్రలో ఏమున్నదో చూశారు. అక్కడ ఆడ కణాలు మాత్రమే ఉన్నాయి, అవి హాయిగా పెరుగుతున్నాయి. ఒకే మీడియం, ఒకే గాజు, ఒకే చేయి. వైరస్ ఉంటే రెండిటికీ సోకాలి, తిండి చెడితే రెండూ ఆగిపోవాలి. ముసలివి మాత్రమే ఆగిపోయాయంటే ఆ ఆగడం వాటి లోపలే ఉంది. ఇక్కడ పక్క ఫ్లాస్కు పక్కన కూడా లేదు, అదే ఫ్లాస్కులోకి వచ్చి కూర్చుంది. ఇంతకంటే దగ్గరి సాక్షి ఎక్కడ దొరుకుతుంది?

ఆ వ్యాసాన్ని మొదట పంపిన పత్రిక తిప్పి పంపింది. సరైన వాతావరణం కల్పిస్తే కణాలు ఎంతకాలమైనా పెరుగుతాయన్నదే యాభై ఏళ్ల కణవర్ధన శాస్త్రం కనుగొన్న అతిపెద్ద సత్యమని, దానికి విరుద్ధంగా చెప్పడం దుస్సాహసమని ఆ పత్రిక సంపాదకుడు పేటన్ రౌస్ జవాబు రాశారు. ఆయన కూడా తరువాత 1966లో నోబెల్ అందుకున్న మనిషే. వ్యాసం 1961లో మరో పత్రికలో వచ్చింది. మామూలు మానవ పిండకణాలు సుమారు 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతాయన్న ఆ విషయాన్ని ఇవాళ హేఫ్లిక్ పరిమితి అంటున్నాం. ఆ కణాలను మధ్యలో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, ఏళ్ల తరువాత కరిగించి పెంచినా, అవి ఆగిన అంకె దగ్గరి నుంచే లెక్క కొనసాగిస్తాయి. నైట్రోజన్ ట్యాంకు మూత తీసి, తెల్లటి పొగలోంచి చలిముళ్లు పట్టిన చిన్న సీసాను పైకి లాగి, 37 డిగ్రీల నీళ్లలో ఒక నిమిషం పాటు కదిలిస్తుంటే మంచు బఠాణీ గింజంత అయి మాయమవుతుంది. ఆ ఒక్క నిమిషంలో లోపలి కణాలు తమ లెక్క ఎక్కడ ఆగిందో గుర్తుచేసుకుంటాయన్న ఊహ నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరింపజేసేది.

యాభై సార్లేనా అని చిన్నచూపు చూడకండి. లెక్కల మాస్టారి కోసం లెక్క వేసి చూపిస్తాను. ఒక కణం యాభై సార్లు రెట్టింపైతే, అన్నీ బతికుంటే, 2ను యాభై సార్లు గుణించినట్టు. అది సుమారు 1,125 లక్షల కోట్లు. ఒక మనిషి శరీరంలో ఉండే కణాలు సుమారు 37 లక్షల కోట్లని అంచనా. అంటే ఒకే ఒక్క కణం దగ్గర ముప్పై శరీరాలకు సరిపడా సరుకు ఉన్నట్టు. కాబట్టి ముసలివాళ్లు విభజన కోటా అయిపోయి చనిపోతారని అనుకోవడం తొందరపాటు. హేఫ్లిక్ పరిమితి ముసలితనానికి ఒక జాడ మాత్రమే, మొత్తం కారణం కాదు.

ఆ లెక్కపెట్టేది ఎవరన్న ప్రశ్నకు జవాబు క్రోమోజోముల కొసల్లో దొరికింది. డీఎన్ఏను నకలు తీసే యంత్రాంగం ప్రతిసారీ చివరి కొసను కొంచెం వదిలేస్తుందని, దానివల్ల క్రోమోజోములు అరిగిపోతాయని రష్యన్ శాస్త్రవేత్త అలెక్సీ ఒలోవ్నికోవ్ 1971లో ఊహించారు. ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ 1978లో ఒక ఏకకణజీవిలో ఆ కొసల నిర్మాణాన్ని చదివారు. కొసలను తిరిగి పెంచే టెలోమెరేజ్ అనే ఎంజైమును కరోల్ గ్రైడర్ 1984 డిసెంబరు 25న, పండుగ రోజున ల్యాబుకు వచ్చి, తన ప్రయోగంలో చూశారు. బ్లాక్‌బర్న్, గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ వచ్చింది. 1998లో మామూలు మానవ కణాలలోకి టెలోమెరేజ్ జన్యువును ఎక్కిస్తే, అవి తమ పరిమితిని దాటి పెరిగాయి. ఆ జన్యువు పనిచేయని పక్క కణాలు ఎప్పటిలాగే ఆగిపోయాయి. అయితే ఇదే జన్యువు మనుషులకూ ఎక్కించేస్తే పోలేదా అన్న ఉత్సాహం ఎక్కువసేపు నిలవదు. క్యాన్సర్ కణాలలో నూటికి దాదాపు తొంభై ఆ ఎంజైముతోనే చావు తప్పించుకుంటున్నాయి.

ఆ రకం కణాల గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెటా లాక్స్ అనే 30 ఏళ్ల స్త్రీ గర్భాశయ ముఖద్వారపు కణితి నుంచి, ఆమెను అడగకుండానే తీసిన కణాలు హీలా పేరుతో ఇప్పటికీ ప్రపంచమంతటా పెరుగుతున్నాయి. ఆమె ఆ సంవత్సరమే కన్నుమూశారు. ఆ కణాలు ఎంత మొండివంటే, వేర్వేరు పేర్లతో ల్యాబులలో తిరుగుతున్న ఎన్నో కణవంశాలలోకి అవి ఎప్పుడో చొరబడి అసలువాటిని మింగేశాయని స్టాన్లీ గార్ట్లర్ 1966లో నిరూపించారు. మా ల్యాబులో హీలా సీసా తెరిచిన హుడ్‌లో, అంటే శుభ్రమైన గాలి ఆడే పని పెట్టెలో, ఆ పూట మరో రకం సీసా తెరవకూడదన్నది తిరుగులేని నియమం. సాక్షిని పిలవడమే కాదు, వచ్చినవాడు ఆ సాక్షేనా అని కూడా చూసుకోవాలి.

ఫ్లాస్కు నుంచి జంతువులకు వస్తే కథ మళ్లీ తిండి చుట్టూనే తిరుగుతుంది. ఆకలితో చచ్చిపోకుండా చూసుకుంటూ తిండి తగ్గిస్తే ఎలుకలు ఎక్కువకాలం బతుకుతాయని క్లైవ్ మెక్కే 1935లో చూపించారు. దీనివల్ల ఆ తరువాత మందులు పరీక్షించేవాళ్లకు ఒక చిక్కు వచ్చిపడింది. మందు కలిపిన మేత రుచించక జంతువులు తక్కువ తింటే, ఆయుష్షు పెరిగింది మందు వల్లనో పస్తుల వల్లనో చెప్పలేం. అందుకే రాపామైసిన్ పరీక్షను నేను ఇష్టంగా చెబుతాను. ఈస్టర్ దీవి మట్టిలోని ఒక బ్యాక్టీరియా నుంచి వచ్చిన మందు అది. మూత్రపిండాల మార్పిడి జరిగినవారికి రోగనిరోధక శక్తిని అణచడానికి వాడతారు. అమెరికాలోని మూడు వేర్వేరు ల్యాబులు ఒకేసారి, ఒకే పద్ధతిలో దాన్ని చిట్టెలుకలకు పెట్టాయి. మేతలో మందు పాడవకుండా సూక్ష్మమైన పొరలో చుట్టవలసి వచ్చింది. ఆ పని ఆలస్యమై, ఎలుకల వయసు 600 రోజులు దాటాక గాని మొదలుపెట్టలేకపోయారు. అది మనిషికి అరవై ఏళ్లతో సమానం. అయినా 2009లో వచ్చిన ఫలితం చూస్తే, నూటికి తొంభై ఎలుకలు చనిపోయే వయసు ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. నాకు నచ్చిన సంగతి మాత్రం ఆ శాతాలు కాదు. కంట్రోల్ ఎలుకల మేతలో కూడా అదే పొర గుళికలు అంతే మోతాదులో కలిపారు, ఖాళీగా. పక్క ఫ్లాస్కులో ఏం పోశారని ఎవరైనా అడిగితే చెప్పడానికి వాళ్ల దగ్గర జవాబు ఉంది.

సాక్షి ఉన్నా సరిపోదని కోతులు నేర్పాయి. తిండిని సుమారు 30 శాతం తగ్గిస్తే రీసస్ కోతులు ఎక్కువకాలం బతుకుతాయా అని అమెరికాలో రెండు బృందాలు 1980ల చివర్లో మొదలుపెట్టి, దశాబ్దాల పాటు చూశాయి. విస్కాన్సిన్ బృందం 2009లో తమ మాట చెప్పింది. అప్పటికి కంట్రోల్ కోతులలో సగం మిగిలాయి, తక్కువ తిన్నవాటిలో 80 శాతం మిగిలాయి. జాతీయ వృద్ధాప్య పరిశోధన సంస్థ బృందం 2012లో తమకు అలాంటి తేడా ఏదీ కనిపించలేదని చెప్పింది. ఒకే జాతి కోతులు, ఒకే ప్రశ్న, రెండు జవాబులు. తరువాత రెండు బృందాలూ కూర్చుని లెక్కలు కలుపుకున్నాయి. విస్కాన్సిన్‌లో కంట్రోల్ కోతులను కావలసినంత తిననిచ్చారు, ఆ మేతలో నూటికి 28 పాళ్లకు పైగా పంచదార. రెండో చోట కంట్రోల్ కోతులకు కూడా కొలిచి పెట్టారు, పంచదార నూటికి నాలుగు పాళ్లు. అంటే మొదటి చోట పొదుపుగా తిన్నవాళ్లను తిండిపోతులతో పోల్చారు, రెండో చోట పొదుపుగా తిన్నవాళ్లను మితంగా తిన్నవాళ్లతో పోల్చారు. పక్క ఫ్లాస్కు రోగిష్టిదైతే, మన ఫ్లాస్కు ఏమీ చేయకుండానే ఆరోగ్యంగా కనిపిస్తుంది. మావయ్య తన తోటి ఉద్యోగులలో ఎవరితో తనను పోల్చుకుంటున్నారో నాకు తెలియదు గాని, పోలిక ఎక్కడ పెడుతున్నామన్నది క్యాప్సూల్‌లో ఏముందన్నంత పెద్ద ప్రశ్న.

ఇంత చెప్పాక, ప్రతిదానికీ పక్క ఫ్లాస్కు కావాలనే మూర్ఖత్వం కూడా ఉందని ఒప్పుకోవాలి. విలెం కోల్ఫ్ 1943లో నెదర్లాండ్స్‌లో, యుద్ధం మధ్యలో, సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్కపట్టీల డ్రమ్ముకు చుట్టి, లోపల రోగి రక్తం, బయట ఉప్పునీళ్లు ఉండేలా తిప్పి మొదటి కృత్రిమ మూత్రపిండాన్ని తయారుచేశారు. ఆ పొరలోని రంధ్రాలు యూరియాను పోనిస్తాయి, రక్తకణాలను పోనివ్వవు. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పదార్థం పాకుతుందన్న బడి పాఠమే అందులో ఉన్న శాస్త్రం. డయాలిసిస్ అన్న మాటను థామస్ గ్రాహం 1861లోనే రసాయనశాస్త్రంలో వాడారు. మొదట్లో దాదాపు రోగులందరూ చనిపోయారు. 1945లో 67 ఏళ్ల స్త్రీ ఒకామె స్పృహలోకి వచ్చి బతికింది. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టరు, మాటిమాటికీ డయాలిసిస్ చేసేందుకు వీలుగా రోగి చేతికి అమర్చిన టెఫ్లాన్ గొట్టంతో క్లైడ్ షీల్డ్స్ అనే ఆ రోగి మరో 11 ఏళ్లు బతికారు. అలాగే యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన ఎమినోప్టెరిన్ అనే మందును సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మందిలో వ్యాధి కొంతకాలమైనా వెనక్కి తగ్గింది. ఈ మూడు చోట్లా అంతకుముందు చనిపోయిన ప్రతి రోగీ సాక్షే. తప్పక చావు వచ్చే చోట మనిషి లేచి కూర్చుంటే, పక్కన ఇంకొకరిని పెట్టి చూడనక్కరలేదు.

చిక్కంతా ఫలితం చిన్నదిగా, నెమ్మదిగా ఉన్నప్పుడే. క్షయకు స్ట్రెప్టోమైసిన్ వచ్చినప్పుడు కొందరు రోగులు మందు లేకుండానే కోలుకునేవారు, కాబట్టి పాత చరిత్ర సాక్ష్యం చాలదు. బ్రిటన్‌లో మందు కొరతగా ఉన్న ఆ రోజుల్లో, 1948లో ప్రచురించిన పరీక్షలో, ఎవరికి మందు ఎవరికి పడక విశ్రాంతి అన్నది వైద్యుల ఇష్టానికి వదలకుండా ముందే యాదృచ్ఛికంగా నిర్ణయించి కవర్లలో పెట్టారు. ఆరు నెలలకు మందు తీసుకున్న 55 మందిలో నలుగురు, తీసుకోని 52 మందిలో 14 మంది చనిపోయారు. ఎక్స్‌రేలు చదివినవారికి ఏది ఏ రోగిదో చెప్పలేదు. ఆ 14 మంది సంగతి చదివినప్పుడల్లా మనసు ఇబ్బంది పడుతుంది, కానీ ఆ తరువాత ఆ మందుతో బతికినవాళ్లందరికీ సాక్ష్యం చెప్పింది వాళ్లే.

ఆయుష్షు మందులకు ఇలాంటి పరీక్ష మనుషులలో చేయాలంటే దశాబ్దాలు పడుతుంది. అంత ఆగలేక ఇప్పుడు రక్తంలో వయసు కొలుస్తున్నారు. డీఎన్ఏ మీద 353 చోట్ల ఉండే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులను బట్టి వయసు చెప్పవచ్చని స్టీవ్ హార్వత్ 2013లో చూపించారు. గొప్ప పనే. కానీ క్యాప్సూల్‌కు ముందు ఒకసారి, ఆరు నెలల తరువాత ఒకసారి కొలిపించుకుని మూడేళ్లు చిన్నవాడినయ్యానని చెప్పేవారిని నేను అడిగేది ఒక్కటే. ఒకే రోజు తీసిన రక్తాన్ని రెండు గొట్టాలలో పోసి రెండు పేర్లతో పంపితే తేడా ఎంత వచ్చిందో చూశారా? ఆ తేడా మూడేళ్లకు మించితే, మీరు కొలిచింది ల్యాబు చేతి వణుకును.

ఇదంతా రాసి మావయ్యకు పంపాను. రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు ఫోను చేసి, "నాకు పక్క ఫ్లాస్కు లేదు, ఇంకో నేను లేను, కాబట్టి ఆయుష్షు సంగతి తేలదు. అంతేనా?" అన్నారు. అంతే మావయ్యా అన్నాను. "మరి నిద్ర సంగతి తేల్చవచ్చు కదా. నేను ఒక్కసారే చస్తాను గాని, రోజూ నిద్రపోతాను." ఆయన వేసిన పథకం ఇది. క్యాప్సూళ్లలో సగం విప్పి, పొడి తీసేసి మళ్లీ మూస్తారు. ప్రతి వారం మందున్నవి వేయాలో లేనివి వేయాలో అత్తయ్య నాణెం ఎగరేసి నిర్ణయించి, డబ్బాలో సర్ది, ఎక్కడో రాసి దాచుకుంటుంది. ఎన్ని గంటలకు పడుకున్నదీ, రాత్రి ఎన్నిసార్లు లేచినదీ ఆయన రోజూ నోటుపుస్తకంలో రాస్తారు. పొడి తీసేస్తే తేలికైపోయి చేతికి తెలిసిపోతుంది కదా అన్నాను. "అంతే బరువు మొక్కజొన్న పిండి నింపమన్నాను, మీ అత్తయ్య చిన్న తక్కెడ కూడా తెప్పించింది" అన్నారు. అయినా ముందు డాక్టరును కలవమన్నాను. కలిశారు, ఆయన అభ్యంతరం చెప్పలేదు. ఇప్పటికి అయిదు వారాలయింది. మొత్తం ఇరవై వారాలు నడిపించి, అప్పుడు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి తెరుస్తారట. నిన్న రాత్రి ఈయనగారు అయిదుసార్లు లేచారని, అది ఏ వారమో తనకు తెలుసని, చెప్పకుండా ఉండటం మహా కష్టంగా ఉందని అత్తయ్య నాకు విడిగా ఫోను చేసి చెప్పింది.